ఎంజైమ్‌తో చేసిన "ఫైబర్ సిరప్" వాడితే నిజంగా షుగర్ పెరగదా? స్వీట్ షాపు నడిపేవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి

మిఠాయి_కొట్టు
అందరికీ నమస్తే. కొత్తపేటలో మాకు చిన్న స్వీట్ షాపు ఉంది, నాన్నగారు పెట్టింది. ఈ మధ్య కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది "షుగర్ లేనిది ఏమన్నా ఉందా బాబూ" అనే అడుగుతున్నారు. చక్కెర బదులు వాడే మాల్టిటాల్‌తో కొన్ని చేసి పెట్టాం కానీ కాస్త ఎక్కువ తిన్నవాళ్ళకి కడుపు కదులుతోందని కంప్లైంట్లు. ఇప్పుడు ఒక సప్లయర్ వచ్చి ఎఫ్‌ఓఎస్ (ఫ్రక్టో ఒలిగోశాకరైడ్లట) సిరప్ అని ఒక డబ్బా ఇచ్చి పోయాడు. మామూలు చక్కెరనే ఎంజైమ్‌తో మార్చేస్తారట, తీపి ఉంటుంది, లోపలికి వెళ్ళాక పీచు లాగా పనిచేస్తుంది, బ్లడ్ షుగర్ అస్సలు పెరగదు అన్నాడు. సరే కదా అని దాంతో గులాబ్ జామూన్, ఖుబానీ కా మీఠా చేసి చూశాం. తీపి కొంచెం తక్కువ, మిగతాదంతా బాగుంది. మా మామయ్యకి షుగర్ ఉంది, ఆయనకి పెట్టి తర్వాత మీటర్‌తో చూస్తే మామూలు జామూన్ అంత కాకపోయినా గట్టిగానే పెరిగింది. సప్లయర్‌కి ఫోన్ చేస్తే "మీ మీటర్ తప్పు సార్" అంటాడు. డబ్బా మీద ఎఫ్‌ఓఎస్ 55 అని ఉంది. అసలు ఇదేంటి, దీంట్లో నిజం ఎంత?

ఎంజైమ్_శ్రీను
మీటర్ తప్పేం లేదండి, మీ డబ్బాలో ఉన్నదే అంత. నేను జీడిమెట్లలో ఎంజైమ్‌ల లైన్‌లోనే పనిచేస్తున్నా కాబట్టి వివరంగా రాస్తా, ఓపికగా చదవండి.

55 అంటే సిరప్‌లో నీళ్ళు తీసేసి లెక్కేస్తే నూటికి 55 పాళ్ళే ఎఫ్‌ఓఎస్ అని. మిగతా 45 పాళ్ళు గ్లూకోజ్, మారకుండా మిగిలిపోయిన చక్కెర, కొద్దిగా ఫ్రక్టోజ్. సిరప్‌లో నీళ్ళు పోగా సరుకు దాదాపు నూటికి 75 ఉంటుంది. అంటే మీరు 100 గ్రాముల సిరప్ పోస్తే అందులో ఎఫ్‌ఓఎస్ 41 గ్రాములు, మామూలు చక్కెరలు 34 గ్రాములు. మీ మామయ్య ఒంట్లోకి ఆ 34 గ్రాముల వాటా నేరుగా వెళ్ళింది.

ఇది సప్లయర్ కల్తీ చేసింది కాదు, ఆ రియాక్షనే అలాంటిది. చక్కెర అంటే ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ కలిసి ఉన్న జంట. ఆస్పర్‌జిల్లస్ నైజర్ లాంటి బూజుల నుంచి తీసిన ఫ్రక్టోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ ఒక చక్కెర నుంచి ఫ్రక్టోజ్‌ను విడదీసి ఇంకో చక్కెరకి తగిలిస్తుంది. అలా వచ్చేది కెస్టోజ్. దానికి ఇంకొకటి తగిలిస్తే నిస్టోజ్. మన పేగుల్లో ఉండే ఎంజైమ్‌లకి ఈ కొత్త బంధం తెగదు, అందుకే అది చిన్నపేగు దాటి పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి బ్యాక్టీరియాకి తిండి అవుతుంది. ఇంతవరకు మీ సప్లయర్ చెప్పింది నిజమే. కానీ ఫ్రక్టోజ్‌ను తీసిన ప్రతిసారీ ఒక గ్లూకోజ్ ఒంటరిగా మిగిలిపోతుంది కదా, అదెక్కడికి పోతుంది? అక్కడే ట్యాంకులో ఉంటుంది. ఉండి ఊరుకోదు, ఎక్కువయ్యేకొద్దీ ఎంజైమ్‌కే అడ్డుపడుతుంది. అందుకే ఎంత సేపు నడిపినా 55-60 దగ్గర ఆగిపోతుంది.

దాన్ని దాటించాలంటే రెండు మూడు దారులున్నాయి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ వేసి గ్లూకోజ్‌ను గ్లూకోనిక్ ఆమ్లంగా మార్చేయడం ఒకటి. లేదా రెజిన్ పూసలు నింపిన పెద్ద పెద్ద కాలమ్‌ల (నిలువు గొట్టాల) లోంచి సిరప్‌ను పంపి గ్లూకోజ్‌ను, చక్కెరను విడగొట్టడం. అలా చేసినదే ఎఫ్‌ఓఎస్ 95 అని పొడి రూపంలో వస్తుంది. ధర తేడా అంతా ఆ కాలమ్‌ల దగ్గరే. ఎంజైమ్ ఖర్చు కంటే విడగొట్టే ఖర్చే ఎక్కువ, ఈ ఫీల్డ్‌లో ఎవరిని అడిగినా ముందు దీని గురించే తిట్టుకుంటారు.

బోడుప్పల్_బాబాయ్
చూసినవా, నేను మొదటి నుంచి చెప్తనే ఉన్న. షుగర్ ఫ్రీ అని ఏది అమ్మినా నమ్మొద్దు. ఈ ఎంజైములు గింజైములు అన్నీ కెమికల్సే. మా కాలంల జొన్నరొట్టె తిన్నం, రోగాల్లేవు. నాకు షుగర్ వచ్చి చాలా ఏండ్లైంది, స్వీటు మానేసిన, అంతే. దీనికి ఇంత సైన్స్ అవసరమా?

కెమిస్ట్రీ_మాస్టారు
బాబాయ్ గారూ, స్వీటు మానేయడం మంచిదే, దాని మీద నేను వాదించను. కానీ ఎంజైమ్ అంటే కెమికల్ అని కొట్టిపారేయకండి. భోజనం తర్వాత అరగడానికి తాగే సిరప్ మీ ఇంట్లో ఉంటే సీసా తిప్పి చదవండి, ఫంగల్ డయాస్టేజ్ అని ఉంటుంది. అదీ బూజు నుంచి తీసిన ఎంజైమే. జపాన్ నుంచి అమెరికా వెళ్ళిన జోకిచి తకమినే అనే ఆయన కోజి బూజు నుంచి తీసి 1894లో పేటెంట్ తీసుకున్నాడు. మొలకెత్తిన రాగులతో అంబలి కాస్తే మామూలు పిండి కంటే పలచగా వస్తుందే, అక్కడ పనిచేసేదీ ఎంజైమే, గింజలోని అమైలేజ్.

ఇంకోటి. ఎంజైమ్‌ల వేగాన్ని లెక్కగట్టే మైఖేలిస్-మెంటెన్ సమీకరణం ఇంటర్ తర్వాత బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడి ప్రాణం తీస్తుంది. 1913లో వాళ్ళు ఆ ప్రయోగం చేసింది ఇన్‌వర్టేజ్ మీద, అంటే చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టే ఎంజైమ్ మీద. శ్రీను చెప్పిన ఎంజైమ్ దీని దగ్గరి చుట్టమే. ఒకటి విడదీసిన ముక్కను నీటికి ఇస్తుంది, రెండోది ఇంకో చక్కెరకి ఇస్తుంది. తేడా అంతే.

ఓయూ_టెక్_పిల్లోడు
మాస్టారూ ఒక డౌట్. ముక్కను నీటికి ఇవ్వాలా చక్కెరకి ఇవ్వాలా అని ఎంజైమ్‌కి ఎలా తెలుస్తుంది? మా ల్యాబ్‌లో పలచటి ద్రావణంతో చేస్తే అంతా గ్లూకోజే వస్తోంది, కెస్టోజ్ కనపడటమే లేదు. టెన్షన్‌గా ఉంది, వచ్చే నెల రివ్యూ.

ఎంజైమ్_శ్రీను
తమ్ముడూ పలచగా చేస్తే అంతే. ఎంజైమ్ ఒంటికి ఫ్రక్టోజ్ అంటుకుని ఉన్నప్పుడు పక్కన ఎవరు ఎక్కువ ఉంటే వాళ్ళకి ఇచ్చేస్తుంది. నీళ్ళే ఎక్కువుంటే నీళ్ళకి. అందుకే ఫ్యాక్టరీలో చక్కెరను నూటికి 55-60 పాళ్ళు ఉండేలా చిక్కగా, లేత పాకంలా కలుపుతారు. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 నుంచి 6 మధ్య, వేడి 50-60 డిగ్రీలు. ఆ వేడిలో, ఆ చిక్కదనంలో వేరే క్రిములు పెరగడం కూడా కష్టం, అది బోనస్. నువ్వు గాఢత పెంచి చెయ్యి. మధ్యమధ్యలో శాంపిల్ తీసి వెంటనే మరగబెట్టి ఎంజైమ్‌ను చంపెయ్, లేకపోతే నువ్వు టెస్టు చేసేలోపు అది తన పని తాను చేసుకుపోతుంది. ఎక్కువసేపు నడిపినా తయారైన కెస్టోజ్‌ను మళ్ళీ విడగొట్టడం మొదలుపెడుతుంది, కాబట్టి ఎక్కడ ఆపాలో గ్రాఫ్ గీసుకుని చూసుకో.

నల్లకుంట_లక్ష్మి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప పాలపొడి డబ్బా మీద జీఓఎస్, ఎఫ్‌ఓఎస్ అని రెండూ రాసి ఉన్నాయి. ఇవి ఇవేనా? పసిపిల్లలకి ఎందుకు వేస్తారు? భయపడాలా?

తార్నాక_డైటీషియన్
లక్ష్మి గారూ, భయపడక్కర్లేదు. తల్లిపాలలో లీటరుకి సుమారు 5 నుంచి 15 గ్రాముల దాకా ఒలిగోశాకరైడ్లు అనే చిన్న చక్కెర గొలుసులు సహజంగానే ఉంటాయి, వాటిలో దాదాపు 200 రకాలు గుర్తించారు. బిడ్డ వాటిని అరిగించుకోలేదు, అవి బిడ్డ పేగుల్లో పెరిగే బిఫిడో బ్యాక్టీరియా కోసం. ఆవుపాలలో అవి చాలా తక్కువ. అందుకని పాలపొడిలో జీఓఎస్ (గాలాక్టో ఒలిగోశాకరైడ్లు), ఎఫ్‌ఓఎస్ కలుపుతారు, చాలా కంపెనీలు 9:1 పాళ్ళలో. ఇక్కడ ఎఫ్‌ఓఎస్ అని వేసేది ఎక్కువగా పొడవాటి గొలుసులున్న రకం. జీఓఎస్‌ను పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ నుంచి లాక్టేజ్ ఎంజైమ్‌తోనే చేస్తారు. కానీ ఇవి తల్లిపాలలో ఉన్నవాటికి అచ్చు నకలు కాదు, వాటి పనిలో కొంత చేస్తాయి అంతే. ఇప్పుడు 2-ఫ్యూకోసిల్ లాక్టోజ్ లాంటి తల్లిపాల రకాన్నే సూక్ష్మజీవులతో తయారుచేసి కలిపే డబ్బాలు కూడా వస్తున్నాయి. మీరు పాలివ్వగలుగుతుంటే మాత్రం డబ్బా మీద ఏం రాసి ఉన్నా మీ పాలే ముందు.

ఇక మిఠాయి కొట్టు గారికి. శ్రీను గారు సిరప్ లెక్క చెప్పారు, నేను జామూన్ లెక్క చెప్తా. జామూన్‌లో మైదా ఉంది, కోవాలో లాక్టోజ్ ఉంది. మీరు పాకం మార్చారు సరే, ఉండ మార్చలేదు కదా. ఎఫ్‌ఓఎస్ 95 వాడినా మీటర్ కదలకుండా ఉండదు. మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో చాలామందికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు, షుగర్ ఫ్రీ అని రాసి ఉంటే ఎన్ని తిన్నా పర్లేదనుకుంటారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు, మీ కౌంటర్ దగ్గర క్యూ పెరగడంలో ఆశ్చర్యం లేదు.

మిఠాయి_కొట్టు
అమ్మో, ఉండ సంగతి అస్సలు ఆలోచించలేదు మేడం. మరి బోర్డు మీద షుగర్ ఫ్రీ అని రాయొచ్చా లేదా?

తార్నాక_డైటీషియన్
రాయకూడదు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం షుగర్ ఫ్రీ అనాలంటే 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాము దాటకూడదు. చక్కెరలు అంటే పంచదార ఒక్కటే కాదు, గ్లూకోజ్, లాక్టోజ్ కూడా లెక్కలోకి వస్తాయి. మీ 55 సిరప్‌తో అది జరిగే పని కాదు, కోవా ఉంటే అసలే కాదు.

మణికొండ_కీటో
ఇంత గొడవ ఎందుకు బ్రో, అల్యులోజ్ వాడండి. మా అక్క డల్లాస్ నుంచి వచ్చినప్పుడల్లా రెండు ప్యాకెట్లు తెస్తుంది. పంచదారలాగే ఉంటుంది, చేదు లేదు, చల్లదనం లేదు, మీటర్ అంగుళం కదలదు. దాని కేలరీలు గ్రాముకి 0.4 అని అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏనే 2019లో ఒప్పుకుంది, లేబుల్ మీద మొత్తం చక్కెరల లెక్కలో కూడా కలపక్కర్లేదంది. ఇది కూడా ఎంజైమ్ సరుకేనట కదా?

ఓయూ_టెక్_పిల్లోడు
అవునన్నా, ఇది నా సెమినార్ టాపిక్. జపాన్‌లో కగావా యూనివర్సిటీలో ఇజుమోరి అనే ప్రొఫెసర్ 1990ల మొదట్లో ఒక బ్యాక్టీరియాలో డీ-టాగటోజ్ 3-ఎపిమరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకున్నారు. అది ఫ్రక్టోజ్‌లో మూడో కార్బన్ దగ్గర ఉన్న ఓహెచ్ గుంపును అటు నుంచి ఇటు తిప్పుతుంది, అంతే, ఒక్క గుంపు. అణువులో బరువు మారలేదు, పరమాణువుల సంఖ్య మారలేదు. కానీ మన ఒళ్ళు దాన్ని ఆహారంగా గుర్తుపట్టదు, చాలావరకు రక్తంలోకి వెళ్ళి మూత్రంలో బయటికి పోతుంది. తీపి మాత్రం చక్కెరలో 70 శాతం. నాకైతే ఈ మొత్తం సబ్జెక్టులో ఇదే భలే అనిపిస్తుంది.

తయారీ మొక్కజొన్న పిండి నుంచి మొదలవుతుంది. ఆల్ఫా అమైలేజ్ వేసి వంద డిగ్రీల చుట్టుపక్కల వేడిలో పిండిని పలచబరుస్తారు, తర్వాత గ్లూకోఅమైలేజ్ వేసి గ్లూకోజ్ చేస్తారు, తర్వాత గ్లూకోజ్ ఐసోమరేజ్‌తో ఫ్రక్టోజ్. కూల్‌డ్రింకుల్లో వాడే కార్న్ సిరప్ దాకా ఇదే దారి. అక్కడి నుంచి ఎపిమరేజ్. కానీ ఇక్కడా పాత సమస్యే, ఫ్రక్టోజ్‌లో దాదాపు 30 శాతమే అల్యులోజ్ అవుతుంది, ఆ తర్వాత ఎంత తయారైతే అంత వెనక్కి మారుతుంటుంది. మళ్ళీ కాలమ్‌లు, మళ్ళీ విడగొట్టడం, మిగిలిన ఫ్రక్టోజ్‌ను మళ్ళీ వెనక్కి పంపడం. దీన్ని తప్పించుకోవడానికి ఇప్పుడు కొంతమంది పిండికి ఫాస్ఫేట్ తగిలించి ఒకే ట్యాంకులో వరసగా ఎంజైమ్‌లు నడిపి, చివర్లో ఫాస్ఫేట్‌ను తెంపేస్తున్నారు. ఆ ఆఖరి మెట్టు వెనక్కి తిరగదు కాబట్టి సగం దారిలో ఆగిపోదు.

మిఠాయి_కొట్టు
బాగుంది కానీ షాపులో వాడొచ్చా?

ఎంజైమ్_శ్రీను
అక్కడే ఆగండి. ఇంట్లో డల్లాస్ ప్యాకెట్ వాడుకోవడం వేరు, కౌంటర్ మీద పెట్టి అమ్మడం వేరు. మన దగ్గర నిబంధనల్లో పేరు లేని పదార్థం ఏదైనా అమ్మకానికి వాడాలంటే 2017లో వచ్చిన నాన్-స్పెసిఫైడ్ ఫుడ్ నిబంధనల కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర ముందు అనుమతి ఉండాలి. తెచ్చిచ్చేవాడిని ఆ కాగితం అడగండి, లేదంటే వద్దు. లైసెన్స్ మీది, ఆయనది కాదు.

వంట విషయం కూడా ఒకటి చెప్తా, ఎవరూ చెప్పరు. అల్యులోజ్ చక్కెర కంటే త్వరగా ఎర్రబడుతుంది. పాలు, కోవాతో కలిసి వేడెక్కితే ఇంకా తొందరగా. తెల్లగా ఉండాల్సిన స్వీటు కాస్తా గోధుమ రంగుకి వస్తుంది. బాదుషా మీద తెల్లగా పొరలా పట్టే పాకం ఉంటుంది చూడండి, అది చక్కెర మళ్ళీ గడ్డకట్టడం వల్ల వచ్చేది. ఎఫ్‌ఓఎస్ సిరప్‌తో అది రాదు, జిగురుగా తడిగా ఉండిపోతుంది. అదే గుణం కుల్ఫీకీ ఐస్‌క్రీమ్‌కీ మంచిది, గరుకు రాకుండా మెత్తగా ఉంటుంది. ఏ స్వీటుకి ఏది అని చూసుకోవాలి, అన్నిటికీ ఒకటే డబ్బా అంటే కుదరదు.

మీ ఖుబానీ గురించి కూడా చెప్పాలి. ఆ పండులో పులుపు ఉంటుంది. ఎఫ్‌ఓఎస్‌కి పీహెచ్ 4 కంటే తగ్గి వేడి కూడా తోడైతే బంధాలు తెగిపోతాయి. పండ్లను సిరప్‌లో వేసి గంటలకొద్దీ ఉడికిస్తే మీరు కొన్న 41 గ్రాముల్లో కొంత మళ్ళీ ఫ్రక్టోజ్, చక్కెర అయిపోతుంది. పండ్లు ఉడికించి, దించి, కాస్త చల్లారాక సిరప్ కలపండి. జామూన్ పాకానికి ఆ ఇబ్బంది లేదు, అందులో పులుపు లేదు. నిమ్మరసం పిండే అలవాటు ఉంటే మానేయండి, ఎలాగూ ఈ సిరప్ గడ్డకట్టదు.

చందానగర్_బేకర్
మా బేకరీలో బన్నుల్లో ఎఫ్‌ఓఎస్ పొడి వేసి హై ఫైబర్ బన్ను అని అమ్ముదామని ఆలోచన. పిండిలో ముందే కలపొచ్చా?

ఎంజైమ్_శ్రీను
ఈస్ట్ వేసే పిండిలో వద్దన్నా. ఈస్ట్‌లో ఇన్‌వర్టేజ్ ఉంటుంది, పిండి పొంగే టైమ్‌లోనే ఎఫ్‌ఓఎస్‌ను విడగొట్టి తినేస్తుంది. బన్ను బాగా పొంగుతుంది, పీచు మాత్రం డబ్బా మీదే మిగులుతుంది. మీరు లేబుల్ మీద ఎన్ని గ్రాములు అని రాస్తారో బేక్ అయ్యాక ల్యాబ్‌లో కొలిపించి రాయండి, వేసినదాన్ని బట్టి కాదు. ఈస్ట్ లేని బిస్కెట్లకైతే ఈ బాధ లేదు.

కూకట్‌పల్లి_జిమ్
నేను ప్రోటీన్ బార్లు తింటా, వాటి మీద ఐఎంఓ ఫైబర్ అని ఉంటుంది. నెట్ కార్బ్స్ (పీచు తీసేయగా మిగిలే పిండిపదార్థం) 4 గ్రాములే అంటాడు. అది కూడా ఇదేనా?

తార్నాక_డైటీషియన్
దాన్ని అంత నమ్మకండి. ఐఎంఓ అంటే ఐసోమాల్టో ఒలిగోశాకరైడ్లు. పిండిని విడగొట్టి, ట్రాన్స్‌గ్లూకోసిడేజ్ అనే ఎంజైమ్‌తో గ్లూకోజ్ ముక్కలను వేరే కోణంలో మళ్ళీ అతికిస్తారు. కొత్త బంధం కదా అరగదు అనుకున్నారు మొదట్లో. కానీ మన చిన్నపేగు గోడల మీద ఆ బంధాన్ని తెంపే ఎంజైమ్ ఉంది, ఐసోమాల్టేజ్. నెమ్మదిగానైనా చాలావరకు అరిగిపోయి గ్లూకోజ్‌గా రక్తంలోకి వెళ్తుంది. తిన్నవాళ్ళ మీటర్లు పెరిగాయని తెలిశాక కొన్ని పెద్ద కంపెనీలు బార్లలో దాన్ని మానేశాయి. ఎఫ్‌డీఏ పీచుగా ఒప్పుకున్న జాబితాలోనూ అది లేదు. మీకు షుగర్ లేకపోతే పర్లేదు, కానీ దాన్ని పీచు లెక్కలో వేసుకోకండి.

నా మాటేంటంటే ఎంజైమ్‌తో చేశారు అన్న ముక్క మీకు ఏమీ చెప్పదు. ఏ బంధం, ఎంత శుద్ధి, ఎంత మోతాదు, ఈ మూడూ తెలిస్తేనే ఏమన్నా తెలిసినట్టు. ఇంకో ఉదాహరణ చెప్తా, పాలటినోజ్ అనే ఐసోమాల్టులోజ్. చక్కెరలో ఉన్న అదే గ్లూకోజ్, అదే ఫ్రక్టోజ్, బ్యాక్టీరియా ఎంజైమ్ ఆ రెంటి మధ్య బంధాన్ని మాత్రం మారుస్తుంది. కేలరీలు గ్రాముకి 4, చక్కెరంతే. కానీ నిదానంగా అరుగుతుంది, చక్కెర గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 65 అయితే దీనిది 32. పళ్ళు పుచ్చవు. షుగర్ పెరగడం మెల్లగా ఉంటుంది, అసలు పెరగదని కాదు. దీన్ని కూడా "షుగర్ ఫ్రెండ్లీ" అని అమ్మేస్తారు.

బోడుప్పల్_బాబాయ్
అమ్మా మీరు చెప్పేది సమజైతుంది. ఒక్కటి చెప్పండి, ఈ పీచు సిరప్‌లు తింటే గ్యాస్ రాదా? పోయిన దసరాకి మా కోడలు ఇసుంటి లడ్డూలు తెచ్చింది, నాలుగు తిన్న, రాత్రంత నిద్ర లేదు.

తార్నాక_డైటీషియన్
వస్తుంది బాబాయ్. పెద్దపేగులో బ్యాక్టీరియా తింటే గ్యాస్ పుడుతుంది, అది దాని పనిలో భాగం. రాజ్మా, శనగలు తిన్నప్పుడు వచ్చేదీ అలాగే, వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. ఎఫ్‌ఓఎస్ రోజుకి 10 గ్రాములు దాటితే చాలామందికి పొట్ట ఉబ్బరం మొదలవుతుంది. కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటే కాస్త తట్టుకుంటారు. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం వచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్ళు మాత్రం ఎఫ్‌ఓఎస్, జీఓఎస్ రెండిటికీ దూరంగా ఉండాలి. మలబద్ధకానికి రాసే లాక్టులోజ్ సిరప్ కూడా ఈ కుటుంబమే, అక్కడ మనకి కావాల్సిందే ఆ పని. నాలుగు లడ్డూలు మాత్రం ఎవరు చేసినా ఎక్కువే.

పాల_డైరీ_యాదగిరి
అన్నా మాది చిన్న డైరీ, పనీర్ చేస్తాం. విరిగిన నీళ్ళు డ్రమ్ములకొద్దీ పారబోస్తున్నాం, వాసన, పక్కవాళ్ళ గొడవ. అందులో లాక్టోజ్ ఉంటది కదా. మార్కెట్‌లో దొరికే లాక్టేజ్ చుక్కలు వేస్తే జీఓఎస్ అయితదా?

ఎంజైమ్_శ్రీను
కాదు యాదగిరి అన్నా. విరుగుడు నీళ్ళల్లో లాక్టోజ్ నూటికి 5 లోపే. పైన పిల్లోడికి చెప్పిందే ఇక్కడా. పలచగా ఉన్నప్పుడు లాక్టేజ్ వేస్తే అది ముక్కను నీళ్ళకే ఇస్తుంది, గ్లూకోజ్, గాలాక్టోజ్ వస్తాయి. లాక్టోజ్ ఫ్రీ పాలు అని అమ్మేవాటిలో జరిగేది అదే, అందుకే అవి మామూలు పాలకంటే తియ్యగా ఉంటాయి. జీఓఎస్ కావాలంటే లాక్టోజ్‌ను నూటికి 30-40 దాకా చిక్కబరచాలి, అంటే ముందు ప్రోటీన్ వడగట్టాలి, నీళ్ళు తీసేయాలి. ఒక్క డైరీకి పెట్టుబడి తిరిగి రాదు. చుట్టుపక్కల డైరీలు కలిసి ఒకచోటికి తోలగలిగితే మాట్లాడుకోవచ్చు. హబ్సిగూడలో ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళ రిసోర్స్ సెంటర్ ఉంది, మొదట అక్కడికి వెళ్ళి అడగండి, ఫోన్‌లో కాదు, శాంపిల్ పట్టుకుని.

ఓయూ_టెక్_పిల్లోడు
మన దగ్గర ముడిసరుకు సంగతొస్తే నాకు రెండు అనిపిస్తాయి. ఒకటి మొక్కజొన్న బెండ్లు. గింజ ఒలిచాక పొయ్యిలో పెట్టడమో పడేయడమో. వాటిలో జైలాన్ అనే పీచు పదార్థం బాగా ఉంటుంది, ఆవిరితోనో క్షారంతోనో బయటికి లాగి ఎండో-జైలనేజ్ ఎంజైమ్ వేస్తే ఎక్స్‌ఓఎస్ (జైలో ఒలిగోశాకరైడ్లు) వస్తుంది. పులుపుకీ వేడికీ ఎఫ్‌ఓఎస్ కంటే బాగా తట్టుకుంటుంది, అంటే ఖుబానీకి ఇదే సరైనది. మోతాదు కూడా రోజుకి 1-2 గ్రాములు చాలు అంటున్నారు, కాబట్టి గ్యాస్ కూడా తక్కువ. ఎంజైమ్‌లో జైలోసిడేజ్ కలిసి ఉండకూడదు, ఉంటే గొలుసు మొత్తం తెగి జైలోజ్ అయిపోతుంది.

రెండోది నూకలు. రైస్ మిల్లుల్లో గుట్టలుగా ఉంటాయి. పుల్లులనేజ్ అనే ఎంజైమ్ పిండిలోని కొమ్మలను కత్తిరిస్తుంది, తిన్నటి గొలుసులు మిగులుతాయి, వాటిని చల్లారబెడితే ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అదే అరగని పిండి, రెసిస్టెంట్ స్టార్చ్. చద్దన్నంలో ఎంజైమ్ లేకుండానే కొద్దిగా ఇదే జరుగుతుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
నూకల ఐడియా బాగుంది కానీ బియ్యం రకం చూసుకో నాయనా. మన రాజేంద్రనగర్‌లో వచ్చిన తెలంగాణ సోనా, ఐఐఆర్ఆర్, సీసీఎంబీ పరిశోధన సంస్థలు కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరి, రెండిటి గ్లైసెమిక్ ఇండెక్స్ 51 చుట్టుపక్కలే. అన్నంగా తినడానికి అవి మంచివి. నీ పనికి కావాల్సింది అమైలోజ్, అంటే కొమ్మల్లేని పిండి గొలుసు, ఎంత ఉందని. అది ఎక్కువున్న బియ్యమైతే ఎంజైమ్ పని సగం తగ్గుతుంది.

బోడుప్పల్_బాబాయ్
ఇదంత మంచిగనే ఉన్నది కానీ ఇన్ని ఎంజైములు, కాలమ్‌లు పెట్టి తీసిన సిరప్ తినే బదులు పచ్చి ఉల్లిగడ్డ తింటే కాదా? మా డాక్టర్ అందులోనూ గిదే పీచు ఉంటదన్నడు.

తార్నాక_డైటీషియన్
డాక్టర్ గారు కరెక్టుగా చెప్పారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, అరటి వీటిలో ఫ్రక్టాన్లు, అంటే ఫ్రక్టోజ్ గొలుసులు, సహజంగానే ఉన్నాయి. రోజూ తినేవాళ్ళకి సిరప్ అవసరమే లేదు. నేను పేషెంట్లకి ముందు అదే చెప్తా. ఈ సరుకులు పనికొచ్చేది స్వీట్లలో, బిస్కెట్లలో చక్కెర తీసేస్తే పోయే బరువునీ మెత్తదనాన్నీ నింపడానికి. ఉల్లిగడ్డతో జామూన్ చేయలేం కదా.

మణికొండ_కీటో
ఉల్లిగడ్డ జామూన్ 😂 హైదరాబాద్‌లో ఎవడో ఒకడు రీల్ కోసం చేసే ఉంటాడు

మిఠాయి_కొట్టు
అందరికీ థాంక్స్. సప్లయర్‌ని మళ్ళీ పిలిచి అనాలిసిస్ పేపర్ అడిగాను. మొదట లేదన్నాడు, తర్వాత వాట్సాప్‌లో పంపాడు. అందులో గ్లూకోజ్, సుక్రోజ్ రెండూ విడిగా రాసే ఉన్నాయి, శ్రీను అన్న చెప్పిన లెక్కకి దగ్గరగానే. పేపర్ దగ్గర పెట్టుకునే మీటర్ తప్పన్నాడు అంటే మామూలోడు కాదు. షుగర్ ఫ్రీ బోర్డు ఈ రోజే తీసేశాను. 95 పొడి వేరేవాళ్ళ దగ్గర శాంపిల్ వస్తోంది. కోవా, మైదా లేకుండా బాదంతో ఏదన్నా చేద్దామనుకుంటున్నా. పొడికి తీపి సరిపోదు కదా, ఏం కలపాలి? నిల్వ ఎలా?

ఎంజైమ్_శ్రీను
మంచి పని చేశారు. 95 పొడికి తీపి చక్కెరలో దాదాపు మూడో వంతే. మిగతా తీపికి స్టీవియానో సుక్రలోజో చిటికెడు, అనుమతి ఉన్న మోతాదు లోపల, లేబుల్ మీద రాసి. బాదం బర్ఫీకి పొడిని పాకం పట్టకండి, బాదం ముద్ద పొయ్యి మీంచి దించే ముందు కలపండి. ఒక ముక్కలో ఎఫ్‌ఓఎస్ 3 గ్రాములు మించకుండా ముక్క సైజు కోయండి, మనవాళ్ళు ఒక ముక్కతో ఆగరు. ఈ పొడి గాలిలో తేమను చాలా త్వరగా పీలుస్తుంది, వానాకాలంలో సంచి మూతి విప్పి వదిలేస్తే సాయంత్రానికి రాయి. గాలి చొరని డబ్బాల్లో కొంచెం కొంచెంగా పోసి పెట్టుకోండి. శాంపిల్ రాగానే పేపర్‌లో మొత్తం ఎఫ్‌ఓఎస్ ఒక్కటే కాకుండా కెస్టోజ్, నిస్టోజ్, గ్లూకోజ్, సుక్రోజ్ విడివిడిగా ఎంతెంత ఉన్నాయో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.